ఖుబూల్ ముందు, ఇజాబ్ తర్వాత



జేబులో ఉన్న నోటు ఏదైనా తీసి వెనక్కి తిప్పి చూడండి. ఒక పక్కన సన్నటి అక్షరాల పట్టీ ఉంటుంది. ఆ నోటు ఖీమత్ ఎంతో 15 భాషల్లో వరసగా రాసి ఉంటుంది. ఆ వరసలో అట్టడుగున ఉన్న రెండూ మనవే. పైన తెలుగు, దాని కిందే ఉర్దూ.

తనను ఎవరు పట్టుకున్నారో నోటుకు తెలీదు. అందుకే అందరికీ అన్ని జుబాన్లలో చెప్పేసి ఊరుకుంటుంది. చదవడం వచ్చినవాళ్లు తమ వరస వెతుక్కుంటారు. కాగితం మీద ఇంతకన్నా ఇన్సాఫ్ చేయడం కష్టం.

ఇంటర్నెట్‌ది వేరే తరీఖా. మనం ఒక పేజీ తెరిచినప్పుడల్లా మన ఫోన్‌లోని బ్రౌజర్ అవతలి సర్వర్‌కు ఒక చిన్న ఖత్ రాస్తుంది. ఫలానా పేజీ కావాలి అని అడగడంతో ఆ ఖత్ అయిపోదు. నేను ఏ రకం వస్తువు తీసుకోగలను, ఏ భాష చదవగలను, ఏ పద్ధతిలో మూటగట్టి పంపితే విప్పుకోగలను అని కూడా అందులోనే రాస్తుంది. సర్వర్ అది చూసుకుని తన దగ్గరున్న వాటిలో సరిపోయేది ఏరి జవాబు పంపుతుంది. మనకు తెలీకుండానే రోజుకు వేలసార్లు మన పేరు మీద ఈ బాత్‌చీత్ నడుస్తోంది. ఇంగ్లీషువాళ్లు దీనికి కంటెంట్ నెగోషియేషన్ అని పేరు పెట్టారు. నాకైతే ఇది ఇజాబ్-ఖుబూల్ లాగే కనిపిస్తుంది. నిఖాలో ముందు ఇజాబ్, తర్వాత ఖుబూల్. ఇక్కడ మాత్రం ఖుబూల్ ముందొస్తుంది. "ఇవైతే నాకు ఖుబూల్" అని బ్రౌజర్ ముందే చెప్పేస్తుంది. ఆ వరసకు పెట్టిన పేరు కూడా అదే: యాక్సెప్ట్.

ఈ ఏర్పాటు ఎలా పుట్టింది, ఎక్కడ నిలబడింది, ఎక్కడ పడిపోయింది అన్నది మన ఇళ్లలో తెలిసి ఉండాల్సిన తారీఖ్ అని నా ఖయాల్. ఎందుకో చివరికొచ్చేసరికి మీకే అర్థమవుతుంది.

కథ స్విట్జర్లాండ్‌లో, జెనీవా పక్కనున్న సెర్న్ అనే సైన్సు సంస్థలో మొదలవుతుంది. ఎన్నో ముల్కుల నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు అక్కడ పనిచేసేవాళ్లు. ఒక్కొక్కరిది ఒక్కో కంపెనీ కంప్యూటర్. ఒకదానిలో రాసుకున్న కాగితం ఇంకొకదానిలో తెరుచుకునేది కాదు. అక్కడే పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో ఒక ప్రతిపాదన రాసిచ్చాడు. ఏ కంప్యూటర్‌లో ఉన్న సమాచారాన్నైనా ఇంకే కంప్యూటర్ నుంచైనా అందుకునేలా ఒక జాల్ అల్లాలన్నది దాని సారాంశం. మనం ఈరోజు వెబ్ అంటున్నది అదే.

మొదటి రోజుల్లో వెబ్‌లో మాటామంతీ చాలా ముఖ్తసర్‌గా ఉండేది. బ్రౌజర్ ఒక్క లైను రాసేది: "ఫలానా చిరునామాలో ఉన్నది ఇవ్వు." సర్వర్ ఆ పేజీ ఇచ్చి తలుపేసుకునేది. ఇచ్చింది ఏమిటి, ఏ భాష, ఏ రకం అన్న మాటే లేదు. పంపగలిగింది ఒక్క హెచ్‌టీఎంఎల్ మాత్రమే కాబట్టి అడగాల్సిన జరూరతూ లేదు. ఒకటే కూర వండే ఇంట్లో ఏం కావాలని ఎవరు అడుగుతారు?

బొమ్మలు, పాటలు, రకరకాల ఫైళ్లు వచ్చాక ఇబ్బంది మొదలైంది. గిన్నెల మీద మూతలున్నాయి, ఏ గిన్నెలో ఏముందో రాసిన చీటీలు లేవు. ఆ చీటీలు వెబ్ సొంతంగా చేసుకోలేదు, ఈమెయిల్ దగ్గర అప్పు తెచ్చుకుంది. అమెరికాలో నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు ఉత్తరంతో పాటు బొమ్మలు, శబ్దాలు పంపడానికి ఒక పద్ధతి తయారుచేశారు. దాని పేరు మైమ్. 1992 మార్చి 11న బోరెన్‌స్టీన్ తన దోస్తులతో కలిసి పాడిన పాటను, వాళ్ల ఫోటోను ఈమెయిల్‌కు జతచేసి పంపాడు. అదే సంవత్సరం జూన్‌లో ఆ పద్ధతి ఇంటర్నెట్ ఉసూల్ కాగితంగా బయటికొచ్చింది. అలాంటి కాగితాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు. దీని నంబరు 1341. ప్రపంచంలోని వస్తువులన్నిటినీ అందులో 7 పెద్ద ఖానాలుగా విడగొట్టారు: టెక్స్ట్, ఇమేజ్, ఆడియో, వీడియో, అప్లికేషన్, మెసేజ్, మల్టీపార్ట్. ఖానా పేరు, ఒక గీత, ఆ తర్వాత లోపలి రకం పేరు. "టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్", "ఇమేజ్/జిఫ్" లాగా. వెబ్ ఈ చీటీలను యథాతథంగా తీసుకుంది. ఈరోజుకీ ప్రతి జవాబు మీద ఆ చీటీ అంటించే ఉంటుంది.

ఈ "టెక్స్ట్", "ఇమేజ్" అన్న రెండు ఖానాలు గుర్తుపెట్టుకోండి. మన ఉర్దూ ఏళ్ల తరబడి వీటి మధ్యే ఇరుక్కుంది. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

ఆర్‌ఎఫ్‌సీ 1945 వచ్చింది 1996 మే నెలలో. వెబ్ మాట్లాడే జుబాన్ అయిన హెచ్‌టీటీపీ 1.0 రూపాన్ని అది కాగితం మీద పెట్టింది. బ్రౌజర్ తన ఖుబూల్ వరస చెప్పుకునే మాటలన్నీ అందులో ఉన్నాయి. ఏ రకం కావాలి, ఏ లిపి సంకేతాలు అర్థమవుతాయి, ఎలా కుదించి పంపొచ్చు, ఏ భాష ముందు. కానీ అవి అసలు కితాబ్‌లో లేవు, వెనకనున్న జమీమాలో పెట్టారు. అందరూ ఒకేలా అమలు చేయడం లేదు కాబట్టి అక్కడే ఉండనిచ్చారు. తర్వాత 1997 జనవరిలో, మళ్లీ 1999 జూన్‌లో వచ్చిన 1.1 కాగితాల్లో ఈ మాటలు లోపలి గదిలోకి వచ్చాయి. కంటెంట్ నెగోషియేషన్‌కు ఒక అధ్యాయమే ఇచ్చారు. 1999 కాగితం నంబరు 2616. రాసినవాళ్ల పేర్లలో మొదటిది రాయ్ ఫీల్డింగ్‌ది, చివరిది బెర్నర్స్-లీది.

అందులో నాకు బాగా నచ్చిన తర్కీబ్ ఒకటుంది. ఇష్టాన్ని తూకం వేసి చెప్పొచ్చు. 0 నుంచి 1 దాకా ఎంత కావాలంటే అంత. తెలుగు 1, ఉర్దూ 0.8, ఇంగ్లీష్ 0.5 అని రాస్తే సర్వర్‌కు అర్థమయ్యేదేమిటంటే, "తెలుగుంటే తెలుగు ఇవ్వు, లేకపోతే ఉర్దూ, అదీ లేకపోతే ఇంగ్లీషుతో సర్దుకుంటాను." 0 అని రాస్తే అది అసలే వద్దని. ఏదీ కుదరకపోతే సర్వర్ 406 అనే నంబరుతో "నువ్వు ఖుబూల్ చేసేది నా దగ్గర లేదు" అని చెప్పొచ్చు. అలా ఖాళీ చేతులతో పంపకుండా ఉన్నదేదో పెట్టి పంపే ఇజాజత్ కూడా ఇచ్చారు. చాలా సర్వర్లు రెండో పనే చేస్తాయి. మెహమాన్‌ను ఆకలితో పంపడం కన్నా ఉన్నది వడ్డించడం మేలు కదా!

ఇది పుస్తకంలోనే మిగిలిపోయిన ఉసూల్ అనుకోకండి. డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్ల వెబ్‌సైట్ అచ్చం ఇలాగే నడుస్తుంది. చిరునామా ఒకటే. జర్మనీలో తెరిచినవాళ్ల బ్రౌజర్ జర్మన్ అడిగితే జర్మన్ వస్తుంది, జపనీస్ అడిగితే జపనీస్. ఆ అనువాదం లేకపోతే వరసలో తర్వాతి భాష వస్తుంది.

ఒకే చిరునామాకు నాలుగు జవాబులున్నప్పుడు దారి మధ్యలో ఇంకో చిక్కొచ్చింది. ఒకరికిచ్చిన జవాబు నకలు దాచిపెట్టుకుని, తర్వాత అడిగినవాళ్లకు అదే ఇచ్చే మధ్యవర్తి యంత్రాలుంటాయి. మొదట అడిగినవాడు ఫ్రెంచి వాడైతే ఆ నకలే మనకూ వచ్చేస్తుంది. దీనికి విరుగుడుగా 1.1లో "వేరీ" అనే మాట చేర్చారు. ఈ జవాబు భాషను బట్టి మారుతుంది, అడిగిందెవరో చూడకుండా పంచొద్దు అని సర్వర్ తన జవాబు మీదే ఒక హిదాయత్ రాసి పంపుతుందన్నమాట.

ఇప్పుడు మన ఇంటి కథకు వద్దాం.

పైన చెప్పిన 1999 కాగితంలో ఒక చిన్న నిబంధన ఉండేది. సర్వర్ అక్షరాలు పంపుతూ అవి ఏ సంకేతాల్లో ఉన్నాయో చెప్పకపోతే, వాటిని ఐఎస్‌ఓ-8859-1 అనుకోవాలి. అంటే పశ్చిమ యూరప్ భాషల అక్షరాలు. ఊరుకున్నావంటే నువ్వు యూరప్ వాడివే అని! ఆ పట్టికలో ఇంగ్లీష్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ ఉన్నాయి. తెలుగు లేదు, ఉర్దూ లేదు, అరబీ లేదు. దీన్ని ఎవరో దుష్మనీతో చేశారని నేననను. మొదట కట్టినవాళ్లు తమ ఇంటి కొలతలతో తలుపు కట్టారు. తర్వాత వచ్చినవాళ్లే తల వంచుకుని దూరాల్సి వచ్చింది.

ఉర్దూ ఎలా దూరిందో చూడండి. ఉర్దూ చదివేవాళ్ల కళ్లకు నస్తాలీఖ్ కావాలి. అరబీ టైపు రాతకు అలవాటైన నస్ఖ్ వాళ్లకు అందదు. నస్తాలీఖ్‌లో అక్షరాలు పై నుంచి కిందికి జారుతూ, ఒకదాని మీద ఒకటి ఒరిగి నడుస్తాయి. వాటిని మెషీన్‌కు నేర్పడం మామూలు పని కాదు. పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ అనే ఖత్తాత్ వేల సంఖ్యలో కలిపిరాతలను చేత్తో రాసి, మోనోటైప్ కంపెనీతో కలిసి 1981లో నూరీ నస్తాలీఖ్ తెచ్చాడు. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఉర్దూ పత్రికలు కలం నుంచి కంప్యూటర్‌కు మారడానికి అదే ముఖ్యమైన దారి అయింది. అయితే అందులో రాసింది అచ్చుకు వెళ్లేది గానీ వెబ్‌కు నేరుగా వెళ్లేది కాదు. చూసేవాళ్ల కంప్యూటర్లో ఆ అక్షరాలుండేవి కాదు. దాంతో చాలా ఉర్దూ పత్రికలు వార్తను ఒక తస్వీర్‌గా మార్చి వెబ్‌లో పెట్టాయి.

మైమ్ ఖానాలు గుర్తున్నాయా? ఇంగ్లీష్ వార్త మీద "టెక్స్ట్" చీటీ. ఉర్దూ వార్త మీద "ఇమేజ్" చీటీ. మెషీన్ దృష్టిలో అది మాట కాదు, గులాబీ పువ్వు ఫోటో ఎంతో ఇదీ అంతే. అందులో ఒక పేరు వెతకలేం. ఒక వాక్యం నకలు తీసుకోలేం. కళ్లు లేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అక్కడ మూగబోయేది. భాషలో బ్రౌజర్ ఉర్దూ అడిగినా, ఉర్దూ ఉందని చెప్పగలిగే వస్తువే అక్కడ లేదు.

తెలుగు ఇంకో దారిలో దూరింది. ఆ రోజుల్లో తెలుగు వెబ్‌సైట్లు ఎవరి ఫాంట్ వాళ్లు చేసుకున్నారు. లోపల ఉన్నవి ఇంగ్లీష్, యూరప్ అక్షరాల సంకేతాలు. వాటి బొమ్మలు మాత్రం తెలుగు గుణింతాలు, ఒత్తులు. ఆ ఫాంట్ దింపుకుంటే తెలుగు కనిపించేది. లేకపోతే పిచ్చి గీతలు. ఒక పత్రిక ఫాంట్ ఇంకో పత్రికకు పనికొచ్చేది కాదు.

అంటే మన రెండు జుబాన్లూ బురఖా వేసుకునే వెబ్‌లో తిరిగాయి. ఉర్దూ "నేను తస్వీర్‌ని" అంది. తెలుగు "నేను యూరప్ అక్షరాన్ని" అంది. ఇద్దరూ అసలు పేరు చెప్పుకోలేదు. పేరే చెప్పుకోనివాళ్లతో ఇజాబ్ ఎక్కడ, ఖుబూల్ ఎక్కడ?

పేరు చెప్పుకునే హక్కు యూనికోడ్‌తో వచ్చింది. ప్రపంచంలోని ప్రతి అక్షరానికి తనదైన ఒక నంబరు అన్నది దాని ఉసూల్. 1991లో వచ్చిన మొదటి రూపంలోనే తెలుగుకూ, ఉర్దూ రాసుకునే అరబీ లిపికీ చోటుంది. ఆ నంబర్లను పంపే పొదుపైన పద్ధతి యూటీఎఫ్-8ను కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో తయారుచేశారు. అందులో ఇంగ్లీష్ అక్షరం 1 బైటు, ఉర్దూ అక్షరం 2 బైట్లు, తెలుగు అక్షరం 3 బైట్లు తీసుకుంటుంది. బరువు ఎక్కువే, కానీ మన బరువు మన పేరు మీదే ఉంది. ఫోన్లు, కంప్యూటర్లు ఈ అక్షరాలను చూపించడం నేర్చుకునేసరికి ఇంకో పదేళ్ల పైనే పట్టింది. చెప్పకపోతే యూరప్ అక్షరాలనుకోవాలన్న నిబంధనను 2014 జూన్‌లో వచ్చిన కొత్త కాగితంలో తీసేశారు. 2022లో వచ్చిన కాగితం ఇంకో అడుగు వేసి, లిపి సంకేతాలను ఎంచుకునే వరసకే ఇక రుఖ్సత్ చెప్పమంది. అందరూ యూటీఎఫ్-8కు వచ్చేశారు కాబట్టి ఆ బేరంతో పనిలేదు.

ఇన్ని చేశాక కూడా బాత్‌చీత్ ఎక్కడ సరిగ్గా నడుస్తోంది, ఎక్కడ నడవడం లేదు?

మెషీన్ తనంతట తాను చెప్పుకోగలిగిన చోట బ్రహ్మాండంగా నడుస్తోంది. జీజిప్ పద్ధతిలో కుదిస్తే విప్పగలనా లేదా అన్నది బ్రౌజర్‌కు తెలుసు. గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పీ అనే తేలికపాటి బొమ్మల రకం తనకు అర్థమవుతుందా లేదా అన్నదీ దానికే తెలుసు. అది చెప్తుంది, సర్వర్ వింటుంది, మన డేటా మిగులుతుంది. మనిషి కలగజేసుకోవాల్సిన పనే లేదు.

భాష దగ్గర అలా కాదు. నాకు ఏ జుబాన్ కావాలో ఫోన్‌కు పుట్టుకతో తెలీదు, నేను చెప్పాలి. దుకాణంలో ఫోన్ కొన్నప్పుడు అది ఇంగ్లీషులో ఉంటుంది. చాలామంది అలాగే వాడుకుంటారు. బ్రౌజర్ ఆ ఇంగ్లీషునే ఎత్తి ప్రతి సర్వర్‌కూ రాసి పంపుతుంది. గుంటూరులో ఇంగ్లీష్ అక్షరమ్ముక్క రాని ఖాలా ఫోన్ నుంచి కూడా "నాకు ఇంగ్లీష్ ఖుబూల్" అనే ఖత్ వెళ్తోంది. సంతకం ఆమెదే, మాట ఆమెది కాదు. సర్వర్ల వైపు కూర్చున్నవాళ్లు ఆ ఖతులు లెక్కపెడితే తెలుగు అడిగేవాళ్లు తక్కువగానే కనిపిస్తారు.

ఈ వరస నమ్మదగ్గది కాదని చాలా సైట్లు దాన్ని చూడడమే మానేశాయి. బదులుగా అందాజా వేస్తున్నాయి. నువ్వు ఏ ఊర్లో ఉన్నావు, నీ పేరేమిటి, నీ ముందు ఏం చూశావు. ఒక సైటైతే హైదరాబాద్‌లో కూర్చున్న నాకు అడక్కుండానే హిందీ వడ్డిస్తుంది. పేరు చూసి ఉర్దూ అనుకునేవి ఉంటాయి, ఊరు చూసి తెలుగు మాత్రమే అనుకునేవి ఉంటాయి.

ఈ అందాజా మనకు కొత్తది కాదు. ముసల్మాను కాబట్టి ఉర్దూ చదువుతాడు, తెలుగు బాగా మాట్లాడుతున్నాడు కాబట్టి ముసల్మానులా లేడు అని మన ముఖం మీదే అనేవాళ్లు లేరా? నిజం ఏమిటో మనింట్లో చూసుకుంటే తెలుస్తుంది. తిలావత్ అరబీలో, అమ్మీతో మాట ఉర్దూలో, బడి చదువు తెలుగులో. నూర్‌బాషా కుటుంబాల్లో చాలామందికి ఇంటి మాట కూడా తెలుగే. నా తరంలో ఉర్దూ మాట్లాడుతూ ఉర్దూ లిపి చదవలేనివాళ్లు ఎంతమందో! ఫారంలో మాదరీ జుబాన్ అని ఒక్క గడి ఇస్తే మన జవాబు అందులో పట్టదు. తూకాలతో రాసుకునే ఆ వరసలో పడుతుంది. రెండు జుబాన్లలో ఏదో ఒకటి తెంచుకోమని అది అడగదు. ఏది ముందు, ఏది తర్వాత, ఎంతెంత అని అడుగుతుంది. నాకు తెలిసి మనల్ని ఇంత మర్యాదగా అడిగిన దస్తావేజు ఇంకోటి లేదు.

కానీ ఇందులో ఒక ఖత్రా కూడా ఉంది, దాన్ని దాచి ఈ మాట ముగించడం బేఇమానీ అవుతుంది. భాషల వరస మనిషి ఏ ఖౌమ్ వాడో బయటపెట్టగలదని 1999 కాగితం రాసినవాళ్లే అందులో హెచ్చరించారు. ఎందుకంటే కొన్ని భాషలు తెలిసుండటం కొన్ని సమూహాలతో గట్టిగా ముడిపడి ఉంటుంది. 2010లో అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ పానోప్టిక్లిక్ అనే పరీక్ష పెట్టి, బ్రౌజర్ తన గురించి చెప్పుకునే ఇలాంటి చిన్న చిన్న మాటలన్నీ కలిపితే పేరు అడక్కుండానే ఒక మనిషిని గుర్తుపట్టొచ్చని చూపించింది. తెలుగు, ఉర్దూ పక్కపక్కన ఉన్న వరస వెళ్లే ప్రతి సర్వర్‌కూ మన గురించి ఒక మాట చెప్తూనే ఉంటుంది. ఈ రోజుల్లో ఆ మాట ఎవరి చేతిలో పడుతుందోనన్న ఫికర్ వట్టి వహమ్ అని నేను అనలేను.

అయినా నేను నా బ్రౌజర్‌లో తెలుగు మొదట, ఉర్దూ తర్వాత, ఇంగ్లీష్ ఆఖరున పెట్టుకున్నాను. అడిగేవాడు లేడన్న సాకు చూపించి రేపు నా జుబాన్‌ను వడ్డించడం మానేస్తారన్న భయం, గుర్తుపడతారన్న భయం కన్నా నాకు పెద్దది. మీ లెక్క వేరుగా ఉండొచ్చు. అది మీ ఇఖ్తియార్. కానీ ఆ ఫైసలా మీరే చేయాలి, దుకాణంలో ఫోన్ ఎలా వచ్చిందో అది చేయకూడదు.

పని పెద్దదేం కాదు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో భాషలు అన్న చోటుంటుంది. అందులో మీకు కావలసినవి చేర్చుకుని, ముందు కావలసింది పైకి జరపండి. ఒక చిన్న సలహా: దేశం పేరు జతచేసిన ఉర్దూ ఒక్కటే పెట్టుకుంటే, వట్టి ఉర్దూ అని చీటీ అంటించిన పేజీలు కొన్నిచోట్ల తప్పిపోతాయి. అందుకని దేశం పేరు లేని ఉర్దూను కూడా దాని కింద పెట్టుకోండి. ఇంట్లో అమ్మీ ఫోన్, నానీ ఫోన్ ఉంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లకేది కావాలో అడిగి పెట్టండి. మన అందాజా మీద పెట్టొద్దు.

ఖుదా హాఫిజ్.